తోలు వాచరు

లారీకీ మాదిగోనికీ ఏం సంబంధమని నన్ను అడిగినోళ్ళున్నరు. డప్పుకూ మాకూ సంబంధం ఉందంటే ఒప్పుకుంటరు. చెప్పుకూ ఉందంటరు. దాని మీద కవిత రాస్తే చప్పట్లు కొడతరు. మా నాయిన నలభై ఏండ్లు లేలాండ్ లారీల కింద పండుకొని పని చేసిండంటే మాత్రం, అది కులంతో పనిలేని ముచ్చట అన్నట్టు చూస్తరు. మెకానిక్ పనికి కులమేంది సార్ అని మాతోని పనిచేసే ఒక సారే అన్నడు. కులం ఉందో లేదో మీరే తేల్చుకోండి. నేను జరిగింది రాస్త.

మాది దేవరకొండకు దగ్గరి పల్లె. నల్లగొండ జిల్లా అంటే కాల్వలు, వరి మళ్ళు అనుకునేటోళ్ళు మా దిక్కు రానట్టే లెక్క. మాది మెట్ట. ఎర్ర చెల్కలు, బండరాళ్ళు, ఆముదం చేన్లు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేసిండు. ఆనకట్ట మాకు దగ్గర్లనే లేచింది. నీళ్ళు మాత్రం పల్లానికి పోయినయి. మాకు బావే దిక్కు. బావికి మోట కావాలె. మోటకు తొండం కావాలె. ఇనుప బాన వచ్చినంక కూడా తొండం తోలుదే. ఆ తోలు మా తాత చేతిది.

చచ్చిన గొడ్డును ఊరి బయటికి మోసి, తోలు ఒలిచేది మావోళ్ళు. సున్నం నీళ్ళల్ల నానబెట్టి బొచ్చు తీసేది. తంగేడు చెక్క దంచి లందల పోసి దినాల తరబడి ఊరబెట్టేది. తోలు ఊరినంక ఆముదం పట్టించేది. ఆముదం తాగిన తోలు మెత్తగ ఉంటది, తడికీ ఎండకూ పగలదు. వీపు తోలు దేనికి పనికొస్తది, పొట్ట తోలు దేనికి, నీళ్ళల్ల ఎంత ఉబ్బుతది, ఎండల ఎంత ముడుచుకుంటది, ఇదంతా మా తాతకు చేతుల ఉండె. లంద వాసనకు ముక్కు మూసుకున్న ఊరు, ఆ తొండం తోడిన నీళ్ళకు మాత్రం ముక్కు మూసుకోలేదు. తాత తెలివిని ఎవ్వరూ చదువు అనలేదు. కల్లం కాడ ఇన్ని గింజలు కొలిచి పోసి, అది కూడ తమ దయ అన్నట్టు మాట్లాడిన్రు.

ఆయిల్ ఇంజన్లొచ్చినయి. కరెంటు మోటార్లొచ్చినయి. మోటలు ఒక్కొక్కటే అటకెక్కినయి. తొండం అడిగేటోడు లేకుండ పోయిండు. లంద ఎండిపోయింది. పని పోయింది గాని ఆ పని పేరుతో మా మీద వేసిన ముద్ర పోలేదు. చచ్చిన గొడ్డును ఎత్తడానికి మాత్రం మా వాడకు కబురు రావడం ఆగలేదు. 1974లో, నాయినకు పదిహేనేండ్లప్పుడు, తాత ఆయన్ను దేవరకొండలో ఒక లారీ షెడ్డుకు తీసుకపోయిండు. ఆ షెడ్డు ఒక ముస్లిం ఉస్తాద్‌ది. ఉస్తాద్ కులం అడగలేదు. చేతులు చూపియ్యమన్నడు. చూసి ఉండుమన్నడు.

ఉస్తాద్‌ను దేవుణ్ణి చేసి చెప్పను. మూడేండ్లు కూలి ఇయ్యలేదు. పాన తప్పు అందిస్తే అదే పానతో వీపు మీద ఏసేటోడు. కానీ పగటి పూట తన టిఫిన్ విప్పి, నాయిన చెయ్యి కూడ అదే గిన్నెల పెట్టమనేటోడు. పుట్టి బుద్ధెరిగినంక మా నాయిన వేరే ఇంటి గిన్నెల చెయ్యి పెట్టింది అక్కడనే. తెలంగాణ షెడ్లల్ల, గ్యారేజీలల్ల మావోళ్ళు ఎక్కువగ ముస్లిం ఉస్తాదుల దగ్గరే పని నేర్చిన్రంటే దానికి ఈ గిన్నె కూడ ఒక కారణం.

ఆ షెడ్డుకు ఎక్కువ వచ్చేటివి లేలాండ్ కామెట్ లారీలు. లేలాండ్ అన్నది ఇంగ్లండుల ఒక ఊరి పేరు, లాంకషైర్‌లో ఉంటది. 1896లో అక్కడ ఆవిరి బండ్లు చేసే కంపెనీగ మొదలైంది. మన దగ్గర 1948లో రఘునందన్ శరణ్ మద్రాసులో అశోక్ మోటార్స్ పెట్టిండు. ఎన్నూరు ఫ్యాక్టరీల మొదట ఆస్టిన్ కార్లు బిగించేది. తర్వాత లేలాండ్ వాళ్ళ కామెట్ లారీలు బిగించుడు షురువైంది. 1955లో కంపెనీ పేరే అశోక్ లేలాండ్ అయింది. అట్ల ఇంగ్లండుల గీసిన బండి, మద్రాసుల తయారై, మా ఆముదాల బస్తాలు మొయ్యనీకి దేవరకొండ దాకా వచ్చింది. అంతకు ముందే హైదరాబాద్ సంస్థానానికి బ్రిటన్ బండ్లు తెలుసు. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఆ కాలపు ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాద్ బస్‌భవన్‌లో పెట్టిన్రు. ఆల్బియన్ స్కాట్లాండులో గ్లాస్గో కంపెనీ, లారీలు కూడ చేసేది. దాని రేడియేటర్ మీద పొద్దు పొడిచే గుర్తు ఉంటది. 1951లో దాన్ని కూడ లేలాండే కొన్నది.

ఇంత చరిత్ర మా నాయినకు ఎవరూ చెప్పలేదు. ఆయనకు తెలిసింది బండి. బండి గురించి ఆయనకు తెలియంది లేదు.

నాయిన పనిల చేరిన నాలుగో ఏడు. ఒక పాత కామెట్ వచ్చింది. వెనక హబ్బుల ఆయిల్ సీలు పోయింది. సీలు పోతే యాక్సిల్ నూనె కారి బ్రేకు డ్రమ్ముల పడతది. లైనింగుకు నూనె అంటుకుంటే బ్రేకు పట్టదు. బస్తాలు నిండిన బండి, ముంగట ఘాటు రోడ్డు. సీలు హైదరాబాదుల గూడ దొరకలేదు. మద్రాసు నుంచి తెప్పియ్యాలె, నెలో రెండు నెలలో. ఉస్తాద్ పాత సీలును విప్పి చేతుల పట్టుకొని చూస్తున్నడు. నాయిన కూడ చూసిండు. ఇనుప చుట్టు లోపల ఉన్నది తోలు! సింథటిక్ రబ్బరు వచ్చేదాక మోటారు బండ్లకు ఆయిల్ సీళ్ళు ఎక్కువగ తోలువే. ఆ సంగతి నాయినకు అప్పుడు తెల్వది. ఆయన గుర్తుపట్టింది తోలును.

"ఉస్తాద్, ఇది మా నాయిన చేస్తడు" అన్నడట.

తాత ఆ రాత్రి మిగిలిన పాత తొండం తోలు తీసిండు. వీపు భాగం చూసి రంపెతో గుండ్రంగ కోసిండు. నీళ్ళల్ల నానబెట్టి, మర్రి కట్టెతో చేసిన అచ్చు మీద ఒత్తి, మూతి లోపలికి తిరిగేటట్టు గిన్నె తీరు మలిచి, నీడకు ఆరబెట్టిండు. ఎండల పెడితే ముడుచుకుంటదని ఆయనకు తెలుసు. ఆరినంక గోరువెచ్చని ఆముదంల ముంచిండు. మూడో రోజు నాయిన దాన్ని ఇనుప చుట్టుల కూర్చోబెట్టి హబ్బు బిగించిండు. బండి ఆముదాలు ఎత్తుకొని పోయింది, వచ్చింది. చుక్క కారలేదు. మోట తొండానికి నీళ్ళు ఆపిన తెలివే లేలాండ్ హబ్బుల నూనె ఆపింది. ఆ రోజు నుంచి ఉస్తాద్ మా నాయినను 'అరే' అనలేదు. 'మేస్త్రి' అన్నడు.

ఆముదం సంగతి ఇంకొకటి చెప్పాలె. పాత కాలపు బ్రేకు నూనె తయారైంది గూడ ఆముదంతోనే. ఆముదంల స్పిరిటు కలిపి పైపుల్ల పోసేటోళ్ళు. ఇంజన్ నూనె అమ్మే క్యాస్ట్రాల్ కంపెనీ పేరు కూడ ఆముదానికి ఇంగ్లీషుల ఉన్న పేరు నుంచి వచ్చిందే. మా చెల్కల్ల మావోళ్ళు ఆముదం కాయలు తెంపిన్రు, కొట్టిన్రు, మూటలు మోసిన్రు. ఆ ఆముదంతోనే తోలు మెత్తబడింది, ఒకనాడు బండి ఆగింది. మా చెమట తగలకుండ ఆ లారీ కదల్లేదు, ఆగనూ లేదు.

నాయినకు అక్షరం రాదు. కానీ లేలాండ్ అంగుళాల బండి. 1954లో జర్మనీ కంపెనీతో కలిసి మొదలైన టాటా లారీ మిల్లీమీటర్ల బండి. దాని పాన దీనికి పట్టదు. షెడ్డుల అంగుళాన్ని సూతులుగ లెక్క పెడతరు. ఎనిమిది సూతులు ఒక అంగుళం. సూతుకు సగం, పావు ఉంటయి. నట్టును వేలుతో తడిమి మూడు సూతులో మూడున్నరో చీకట్ల చెప్పేటోడు నాయిన. నేను నాలుగో తరగతిల ఉన్నప్పుడు భిన్నాలు వచ్చినయి. 3/8 పెద్దదా, 7/16 పెద్దదా? కింద అంకె పెద్దగుంది గనుక 7/16 చిన్నదేమోనని క్లాసు మొత్తం తికమక పడ్డది. నేను ఇంటికొచ్చి నాయినను అడిగిన. ఆయన రెండు పానలు నా చేతిల పెట్టిండు. "మూడు సూతులు. మూడున్నర సూతులు. ఏది పెద్దది?" అంతే. నేను లెక్కల సారునైంది ఆ రెండు పానల వల్లనే.

పాత లారీని మళ్ళ నిలబెట్టుడంటే ఏమిటో చదువుకునేటోళ్ళకు తెల్వాలె. ముందు బాడీ దింపుతరు. ఛాసిస్ ఇనుము మీద సుత్తెతో కొట్టుకుంట పోయి చప్పుడు వింటరు. పగులుంటే చప్పుడు బొంగురు పోతది. రివిట్లు ఎర్రగ కాల్చి కొడతరు. కమాన్ పట్టీలు విప్పి, విరిగినదాన్ని తీసి, ఇంకో బండి పట్టీని వంచి ఎక్కిస్తరు. ఇంజన్ విప్పి స్లీవులు, పిస్టన్లు, రింగులు చూస్తరు. బేరింగుకు నీలిరంగు పూసి క్రాంకును తిప్పితే, ఎక్కడ రాసుకుంటున్నదో అక్కడ రంగు అంటుతది. అక్కడ గీకాలె. మళ్ళ రంగు, మళ్ళ గీకుడు. ఒక్క బేరింగుకు ఒక పూట పోతది. కామెట్ ఇంజన్‌ను 350 అనేటోళ్ళు. అది దాని లోపలి జాగా, ఘనపు అంగుళాలల్ల. డీజిల్ బండికి నిప్పురవ్వ ఉండదు. గాలిని నొక్కి నొక్కి పుట్టించిన వేడికే నూనె అంటుకుంటది. అందుకే పైపుల్ల గాలి బుడగ ఒక్కటి ఉన్నా బండి లేవదు. ఆ గాలిని తియ్యనీకి నాయిన నట్టును సగం చుట్టు వదులు చేసి చెవి పెట్టి వినేటోడు. బుసబుస ఆగి నూనె ధార ఒక్క తీరుగ వచ్చేదాక.

ఇంత చేసినోని చెయ్యికి బయట ఏం విలువ? దసరాకు బండికి పూజ. పూజకు బండి లేవాలని రాత్రంతా కింద పడి దాన్ని లేపేది నాయిన. పొద్దుగాల పసుపు, కుంకుమ, గుమ్మడికాయ. ఓనరు ఇంటోళ్ళంత చుట్టూ నిలబడితే నాయిన దూరం నిలబడాలె. నిన్న రాత్రి ఆయన చెయ్యి పోని జాగా ఆ బండిల లేదు. పొద్దున ఆ బండినే ముట్టొద్దు! రోడ్డు పక్క హోటల్ల డ్రైవరుకు ఒక గ్లాసు, మా నాయినకు వేరే గ్లాసు. గ్రీజు అంటిన చేతులన్నీ నల్లగనే ఉంటయి. ఏ నల్లచెయ్యి ఎవరిదో హోటలోనికి ఎట్ల తెలిసేదో!

ఉస్తాద్ పోయినంక, 1996లో, నాయిన సొంతంగ రేకుల షెడ్డు వేసిండు. అప్పటికి దండోర మొదలై రెండేండ్లయింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన ఆ ఉద్యమం మా వాడ దాక వచ్చింది. దాచుకున్న కులం పేరును మావోళ్ళు పేరు పక్కన రాసుకోవడం మొదలైంది. నాయిన కూడ బోర్డు రాయించిండు. తన పేరు, పక్కన మాదిగ, కింద లేలాండ్ మెకానిక్. అమ్మ భయపడ్డది. "బండి మీద అన్నం తినేటోళ్ళం, మనకెందుకు" అన్నది. అన్నట్టే అయింది. రెండు నెలలు షెడ్డు ముందు లారీ ఆగలేదు. ఏండ్ల తరబడి మేస్త్రీ మేస్త్రీ అన్నోళ్ళు బోర్డు చదివి ముందుకు పోయిన్రు. వాళ్ళకు కులం తెల్వక కాదు. దాన్ని ఆయన తలెత్తి రాసుకునుడే వాళ్ళకు నచ్చలేదు. ఇంట్ల గింజలు అయిపోయినయి. అమ్మ కైకిలికి పోయింది. పక్కింటి పెద్దమనిషి వచ్చి ఆ ఒక్క మాట తుడిపెయ్యరాదా అన్నడు. నాయిన తుడవలేదు.

మూడో నెల ఒక కామెట్ పంపు దెబ్బతిని నల్ల పొగ కక్కుకుంట తిరిగింది. ఇద్దరు ముగ్గురు మేస్త్రీలు చేతులెత్తేసిన్రు. రాత్రి పూట, ఎవ్వరూ చూడని వేళ, దాన్ని మా షెడ్డుకు తోలుకొచ్చిన్రు. నాయిన చీకట్ల ముట్టనన్నడు. "పొద్దున రాండ్రి, బోర్డు కనబడే యాల్ల" అన్నడు. పొద్దున వచ్చిన్రు. ఆ తర్వాత మిగతా బండ్లు కూడ వచ్చినయి.

ఆ రోజుల్లనే నన్ను బడిల వేసిన్రు. రిజిస్టరు రాసే సారు కులం అడిగిండు, చెప్పినం. తండ్రి వృత్తి అడగలేదు. 'చెప్పులు కుట్టుట' అని తనే రాసుకున్నడు. నాయిన పక్కనే నిలబడ్డడు, గోర్లల్ల గ్రీజు. ఇరవై రెండేండ్ల పని ఆ సారు కంటికి ఆనలేదు. చెప్పులు కుట్టుడు చిన్న పనని నేను అంటలేను. మా తాత చేతి తోలే మా నాయినను మేస్త్రిని చేసింది. కానీ నాయిన చేసే పని నాయినది. దాన్ని కొట్టేసి కులాన్ని పనిగ రాసుడు ఏం న్యాయం? ఆ రాతే నా వెంట పదో తరగతి దాక వచ్చింది. హాస్టల్ల ఉండి చదివిన. మా ఇంట్ల డిగ్రీ చేసిన మొదటోణ్ణి నేను. 2012 డిఎస్సీల ఉద్యోగం వచ్చింది.

మొన్నమొన్న ఇంగ్లండు ముచ్చట్లు చదివిన. అక్కడ పాత లారీలంటే పాణం ఇచ్చేటోళ్ళున్నరు. 1958లోనే పాత వాణిజ్య వాహనాలకు సంఘం పెట్టుకున్నరు. 1962 నుంచి లండన్ నుంచి సముద్రం ఒడ్డున ఉన్న బ్రైటన్ దాక పాత లారీలు, బస్సులు వరుసగ నడిపిస్తున్నరు. లేలాండ్ ఊర్లనే 1983లో మ్యూజియం తెరిచిన్రు. అక్కడోళ్ళు సెలవు రోజుల్ల సరదాకు, తమ పైసలు పెట్టి, పాత కామెట్లను మళ్ళ కొత్తగ చేసుకుంటరు. ఫోన్ల బొమ్మలు నాయినకు చూపిన. ఆయన పెద్దగ చేసి చూసి, "ముందర కమాన్లు మార్చిన్రు" అన్నడు. తర్వాత అడిగిండు. "వీళ్ళు దీంట్ల ఏం లోడు ఏస్తరు?" ఏం వెయ్యరు నాయినా, ఊరికె ఉంచుకుంటరు అన్న. చాలాసేపు ఏం మాట్లాడలేదు.

మన దగ్గర గూడ అసొంటోళ్ళు లేకపోలేదు. 2019లో పట్నం నుంచి ఒకాయన పాత సామాన్ల కుప్పల దొరికిన కామెట్ కొన్నడు. ఇంజన్ పట్టుకపోయింది. ఎవరో చెబితే వెతుక్కుంట మా ఇంటికి వచ్చిండు. అప్పటికి నాయిన పని బందు చేసి అయిదేండ్లు. అయినా పోయిండు. సిలిండర్లల్ల కిరసనాయిలు, డీజిల్ పోసి పది రోజులు వదిలేసిండు. ఫ్లైవీలుకు గడ్డపార ఆనించి రోజుకు ఇంత అని కదిలించిండు. నాలుగు నెలలకు బండి లేచింది. రిబ్బను కట్ చేసిన రోజు ఫొటోలు దిగిన్రు. పేపర్ల ఓనరు పేరొచ్చింది, రంగు వేసిన కంపెనీ పేరొచ్చింది. నాయిన పేరు లేదు, ఫొటోల మనిషీ లేడు. కూలి మాత్రం ఎగ్గొట్టలేదు, ఆ మాట చెప్పాలె. నేను ఫోన్ చేసి కొట్లాడుత అన్న. "చేస్తే చెయ్యి, ఎడమ దిక్కు హబ్బు కారుతున్నదా అని గూడ అడుగు" అన్నడు. ఆ హబ్బుల ఉన్నది మళ్ళ తోలు వాచరే. తాత అచ్చు మీద నాయిన మలిచింది.

2021లో కేంద్రం పాత బండ్లకు కొత్త నిబంధన తెచ్చింది. యాభై ఏండ్లు దాటిన కార్లకు, మోటారు సైకిళ్ళకు వారసత్వ బండ్లని వేరే నంబరు ఇస్తరు. లారీకి ఆ గౌరవం లేదు. ఇంజన్‌నో ఛాసిస్‌నో పెద్దగ మార్చి ఉండొద్దని గూడ అండ్ల ఉంది. దొర ఇంట్ల నీడకు నిలబడ్డ కారు అట్లనే ఉంటది. రోజూ బరువు మోసిన బండి విరుగుతది, దాన్ని అతకాలె. అతుకు పడ్డదాన్ని చరిత్ర కాదంటే, బతుకంత అతుకులే ఉన్న మా చరిత్ర ఎక్కడ రాస్తరు? ఎగబోసిన తుక్కుల నాయిన నిలబెట్టిన కామెట్లు ఎన్ని కరిగిపోయినయో! ఇనుము కరిగితే కరగనీ. ఇనుము కన్న ముందు తెలివి కరిగిపోతున్నది. అదే నా బాధ. సీలును అచ్చు మీద మలవగల చెయ్యి మా ఊర్ల ఇప్పుడు ఒక్కటే ఉంది. ఆ చెయ్యికి అరవై ఆరేండ్లు.

అందుకే ఒక నోటుబుక్కు పెట్టిన. నాయిన చెబుతుంటే రాస్తున్న. తోలు ఎంత మందం, ఎంతసేపు నానాలె, అచ్చు ఏ కట్టెతో, బేరింగు ఎట్ల గీకాలె, ఏ చప్పుడుకు ఏ రోగం. తాత మాటలు గూడ రాస్తున్న. లంద, రంపె, ఆరె, తొండం. బడిల భిన్నాలొచ్చిన రోజు నాయిన పానలు సంచిల వేసుకొని పోత. పిల్లలు చేతుల పట్టుకొని చూస్తరు. జూన్ల కొత్త పిల్లలు చేరేటప్పుడు తండ్రి వృత్తి అడగకుండ రాయను. మీ నాయిన ఏం చేస్తడు, మీ అమ్మ ఏం చేస్తది అని అడుగుత. బోరు మోటారు విప్పుతడు, సెంట్రింగు కడతడు, పత్తి మిల్లుల కాంటా చూస్తది. వాళ్ళు ఏం చెబితే అదే రాస్త.

సంఘాలల్ల తిరిగే తమ్ముళ్ళకు, చదువుకునే చెల్లెండ్లకు ఒక్కటే చెబుత. మనం అవమానాలు రాసినం. రాయాలె, ఇంక రాయాలె. దాంతోపాటు మన ఇండ్లల్ల చేతులకు ఏమేం తెలుసో గూడ రాయాలె. దాన్ని వేరేటోళ్ళు రాయరు. ఎండాకాలం సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ నాయిన పక్కన కూసోండ్రి. ఆయన పనిముట్లు ఒక్కొక్కటే తీసి పేరు అడగండ్రి. ఎట్ల పట్టాలెనో అడగండ్రి. వెంటనే రాసుకోండ్రి.